బీచ్‌కి చేరేది ధర లేని ప్లాస్టికే

గట్టి వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే పెద జాలారిపేట ఇసుకలో నాలుగడుగులు వేస్తే, విశాఖపట్నం ముందురోజు ఏం తిన్నదీ, ఏం తాగిందీ, తలకి ఏ షాంపూ రుద్దుకున్నదీ చెప్పేయొచ్చు. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, పాన్ మసాలా పొట్లాలు, చట్నీ కట్టిన పల్చటి కవర్లు, నీళ్ల ప్యాకెట్లు, థర్మోకోల్ గుండ, తెగిన నైలాన్ తాళ్లు. అయితే ఆ చెత్తలో ఏముందో చూడటం కంటే ఏం లేదో చూడటం ఎక్కువ పనికొస్తుంది. విరిగిన కుర్చీ కనబడటం అరుదు. పగిలిన బకెట్టూ అంతే. అయిదు లీటర్ల నూనె డబ్బా అసలే దొరకదు. నీళ్ల సీసాలు ఒడ్డుకి కొట్టుకొచ్చినా, ఎండెక్కేలోపు గోతం భుజానేసుకున్న ఎవరో ఒకరు వచ్చి ఏరుకుపోతారు.

వాటికి పాత సామాన్ల కొట్టులో ధర ఉంది. మిగిలినవాటికి లేదు. ఏ ప్లాస్టిక్ తగ్గించాలి, ఏది దాచి మళ్లీ వాడాలి, ఏది మానేయాలి అనే ప్రశ్నలకి జవాబు పర్యావరణ దినోత్సవం బ్యానర్ల మీద వెతకడం కంటే ఆ కొట్టువాడి కాటా మీద వెతకడం తేలిక. 1950 నుంచి 2015 దాకా ప్రపంచం 830 కోట్ల టన్నుల ప్లాస్టిక్ తయారుచేసిందని 2017లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అందులో చెత్తగా మారినదాంట్లో రీసైకిల్ అయింది 9 శాతమే. 12 శాతం కాల్చేశారు. మిగతా 79 శాతం డంపింగ్ యార్డుల్లోనో, ఆరుబయటో ఉండిపోయింది. మూత బిగించిన సీసానీ, మూడు పొరల చిప్స్ ప్యాకెట్‌నీ ఒకే గాటన కట్టి ‘ప్లాస్టిక్’ అనేస్తే ఆ 9కీ ఈ 79కీ మధ్య ఏం జరుగుతోందో అర్థం కాదు.

కొట్టులో ఏం జరుగుతుందో చూద్దాం. గోతం బోర్లించగానే కుప్పలు వేరవుతాయి. రంగు లేని నీళ్ల సీసాలు ఒక పక్క. ఇవి పెట్ రకం. లీటరు సీసాలు నలభై, యాభై పోగైతే కిలో తూగుతాయి. కరిగించి దారం తీస్తే పాలిస్టర్ బట్టవుతుంది కాబట్టి వీటికి ఎప్పుడూ గిరాకీయే. షాంపూ డబ్బాలు, ఫినాయిల్ సీసాలు, బకెట్లు, మగ్గులు ఇంకో పక్క. కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లు మరో పక్క. నల్ల రంగు బిర్యానీ డబ్బాలు చివరికి వెళ్తాయి. నలుపుని తెల్లగా మార్చడం ఎవరి తరమూ కాదు, మళ్లీ నల్లటి సరుకే చేసుకోవాలి, అందుకని ధర తక్కువ. ఇక చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లని చాలా కొట్లలో కాటా దాకా కూడా రానివ్వరు. మెరిసే పొర, అచ్చుపొర, అతికించే పొర అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, విడదీసే ఖర్చు సరుకు విలువని ఎప్పుడో మించిపోతుంది. ఒక ఖాళీ సాచెట్ బరువు గ్రాము అటూ ఇటూ. కిలో పోగవ్వాలంటే వంగి లేవాల్సింది వెయ్యిసార్లు. ఏ నడుము ఒప్పుకుంటుంది?

ఇక్కడ నీటి పాత్ర కూడా ఉంది. పెట్ ప్లాస్టిక్ నీటికన్నా బరువు, మూత తీసిన సీసా నిండితే మునుగుతుంది. మూతలు, కవర్లు చేసే పాలిథిన్, పాలీప్రొపిలీన్ రకాలు నీటికన్నా తేలిక. రీసైక్లింగ్ యూనిట్లలో ఈ గుణంతోనే పని జరుపుకుంటారు. ముక్కలు చేసి తొట్టిలో పోస్తే సీసా ముక్కలు అడుక్కి, మూత ముక్కలు పైకి. తొట్టిలో పనికొచ్చే ఆ గుణమే గెడ్డలో పడితే చేటు. తేలేదంతా ప్రవాహంతో పోతుంది.

గెడ్డ అనే మాట మిగతా జిల్లాలవాళ్లకి కొత్తగా తోచవచ్చు. వాగుని ఉత్తరాంధ్రలో గెడ్డ అంటారు. మేహాద్రిగెడ్డ నీళ్లు విశాఖ ఇప్పటికీ తాగుతోంది. పేరు అదే అయినా నగరం మధ్యలోని గెడ్డలు చాలావరకూ మురుగు మోసే కాలవలైపోయాయి. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ హార్బర్ వైపు పోతాయి, లాసన్స్ బే, జాలారిపేట వైపువి సూటిగా సముద్రంలో కలుస్తాయి. ఒక పక్క సింహాచలం, కైలాసగిరి కొండలు, మరో పక్క యారాడ కొండ, మధ్యలో ఊరు, ముందర సముద్రం. ఎక్కడో ఎగువన గోదావరిలో పడ్డ కవర్ సముద్రం చేరేలోపు ఏ రేవు మెట్లకో, ఏ లంక తుప్పలకో, ఏ బ్యారేజీ గేటుకో చిక్కుకోవచ్చు. హనుమంతవాకలో పడ్డ కవర్‌కి అంత ప్రయాణం లేదు, గంటసేపు కుండపోత చాలు. కాబట్టి ఈ ఊళ్లో ఒడ్డున చెత్త ఏరడం ఎంత అవసరమో, వానలకి ముందు గెడ్డల నోటికాడ వలలూ కమ్మీలూ బిగించి, చిక్కినదాన్ని రోజూ తోడెయ్యడం అంతకన్నా అవసరం. ఒకసారి అలల్లో పడ్డాక ఎండా ఉప్పూ కలిసి దాన్ని పెళుసు చేస్తాయి. అయిదు మిల్లీమీటర్లలోపు ముక్కలైతే మైక్రోప్లాస్టిక్ అంటారు. వాటిని ఏరే చీపురు ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

ఏరడం వృథా అని కాదు. 2022 ఆగస్టు 26న బీచ్ రోడ్డు నుంచి భీమిలి దాకా వేలమంది దిగి, ఒక్క పొద్దులో 76 టన్నుల ప్లాస్టిక్ ఎత్తినట్టు ప్రకటించారు. పెద్ద పనే. ఆ సంఖ్యని సంబరంగా చెప్పుకున్నంతగా, అన్ని టన్నులు ఎలా చేరాయని ప్రశ్నించుకున్నట్టు లేదు.

ఇప్పుడు ఒక ఇడ్లీ పార్శిల్ విప్పుదాం. నాలుగిడ్లీలు. వాటి కింద పల్చటి ప్లాస్టిక్ షీటు, దాని కింద పేపరు. కొబ్బరి చట్నీ ఒక కవర్లో, అల్లం చట్నీ ఇంకో కవర్లో, పొగలు కక్కే సాంబారు మూడో కవర్లో, ముడి వెయ్యడానికి రబ్బరు బ్యాండు, అన్నీ పెట్టుకోవడానికి పైన క్యారీ కవరు. మొత్తం అయిదు ప్లాస్టిక్‌లు. తినడానికి పట్టేది పావుగంట. తిన్నాక మిగతా నాలుగూ మళ్లీ పై కవర్లోనే దూరతాయి, మిగిలిన చట్నీతో సహా ముడిపడి చెత్తబుట్టలోకి వెళ్తాయి. పైన ఉన్న కవరు శుభ్రంగా, పొడిగా కొట్టుకి చేరితే ఎంతో కొంత పలికేది. చట్నీ నూనె అంటిన క్షణంలోనే దాని ధర సున్నా అయింది. కడిగే నీళ్లకీ, కూలికీ అయ్యే ఖర్చుని ఆ కవరు తిరిగి ఇవ్వలేదు.

ప్లాస్టిక్ వల్ల కలిగే హాని తగ్గించడంలో ఇంటివాళ్ల చేతిలో ఉన్న అతిపెద్ద మీట ఇదే. తడినీ పొడినీ కలపకపోవడం. 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో ఇంటింటికీ మూడు రంగుల బుట్టలిచ్చారు. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, ప్రమాదకరమైనవాటికి ఎరుపు. ఆ బుట్టలు కొన్ని ఇళ్లల్లో ఉల్లిపాయలకీ, చింతపండుకీ బాగా అక్కరకొచ్చాయి. నవ్వులాటకి చెప్పినా సంగతి అదే, బుట్ట ఇవ్వడం తేలిక, అలవాటు ఇవ్వడం కష్టం. అయినా దీనికి పెద్ద శ్రమేమీ లేదు. పాల ప్యాకెట్‌ని అరగ్లాసు నీళ్లతో తొలిపి ఆ నీళ్లు కాఫీ పాలల్లోనే పోసేసి, ప్యాకెట్‌ని కుళాయి మీద ఆరేస్తే చాలు. కత్తిరించేటప్పుడు మూల పూర్తిగా తెంచకుండా వేలాడనిస్తే మరీ మంచిది. తెగిన ఆ వేలిగోరంత ముక్కని ఏరేవాళ్లెవరూ ఉండరు, అది సింకు కాలవలోంచే బయల్దేరుతుంది. రోజుకి రెండు ప్యాకెట్లు వాడే ఇంట్లో ఏడాదికి 730 ముక్కలు.

టిఫిన్ బండి దగ్గర స్టీలు క్యారియరు పట్టుకెళ్లడం ఒకప్పుడు ఎవరూ నేర్పనక్కర్లేని పని. ఇప్పుడు మళ్లీ చెప్పుకోవాల్సి వస్తోంది. బండివాడికీ అది లాభమే, కవర్ల ఖర్చు మిగులుతుంది. అయితే ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ దారిలో ఆగే మనిషి దగ్గర క్యారియరు ఉండదు. ఆ ఆగడమే కవర్ వ్యాపారానికి ఆధారం. ఇంట్లోంచి సంచితో బయల్దేరినవాడు రైతుబజారుకి వెళ్తాడు, చేతులూపుకుంటూ వెళ్లేవాడు తోపుడుబండి దగ్గర ఆగుతాడు. కిలో టమాటాల మీద బండివాడికి మిగిలేదెంత? కవర్ లేదంటే బేరం పక్క బండికి పోతుంది. అధికారులు దాడి చేసి జరిమానా రాసేది మాత్రం ఎక్కువగా ఈ బండివాడికే. పల్చటి కవర్లు కట్టలుకట్టలుగా దిగే హోల్‌సేల్ గోడౌన్ దగ్గర ఒక రోజు నిలబడితే, నూరు బండ్ల దగ్గర నిలబడక్కర్లేదు.

చట్టం కాగితం మీద గట్టిగానే ఉంది. క్యారీ బ్యాగు మందం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే తగ్గకూడదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ 2022 జూన్ 5 నుంచి నగరంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని నిషేధించింది. నెల తిరక్కుండా జులై 1 నుంచి స్ట్రాలు, స్పూన్లు, ప్లేట్లు, ఇయర్ బడ్స్ పుల్లలు, స్వీటు డబ్బాలకి చుట్టే పల్చటి పొర దేశమంతటా నిషేధంలోకి వచ్చాయి. మైక్రాన్ల లెక్క వెనక తర్కం చాలామందికి తట్టదు. ‘మందంగా చెయ్యమంటే ఇంకా ఎక్కువ ప్లాస్టికే కదా’ అంటారు. నిజమే, కానీ మందమైన కవరుకి ఖర్చెక్కువ, షాపువాడు ఊరికే ఇవ్వలేడు. కొన్నది కాబట్టి తీసుకున్నవాడు మడిచి దాచుకుంటాడు. చివరికి పారేసినా బరువుంది కాబట్టి ఏరేవాడికి గిట్టుబాటవుతుంది. మందం పెంచడమంటే ధర పుట్టించడమన్నమాట.

దీనికి బజారు కనిపెట్టిన విరుగుడు కూడా గమనించాలి. బట్టల షాపుల్లో, స్వీటు షాపుల్లో చేతికిచ్చే రంగురంగుల మెత్తటి సంచిని చాలామంది గుడ్డసంచి అనుకుంటారు. అది నాన్ వోవెన్, అంటే నేత లేనిది. వెలుతురుకి పట్టి చూస్తే పడుగూ పేకా కనబడవు, చిన్నచిన్న చుక్కల అచ్చు కనబడుతుంది. అది పాలీప్రొపిలీన్, అచ్చంగా ప్లాస్టిక్. చదరపు మీటరుకి 60 గ్రాముల బరువైనా ఉండాలని నియమం. అంతకన్నా పల్చటిది నాలుగు వాడకాలకే పీచులైపోయి, మామూలు కవర్ కన్నా చిన్న ముక్కలుగా నేలలో కలుస్తుంది.

సరే, అసలైన గుడ్డసంచి వాడితే అంతా బాగే కదా? ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో చూపిన లెక్క ప్రకారం, వాతావరణం మీద ప్రభావం విషయంలో ఒక కొత్త నూలు సంచి మామూలు ప్లాస్టిక్ కవర్ కన్నా మెరుగనిపించుకోవాలంటే 131 సార్లు వాడాలి. పత్తి పండించడానికి నీరూ, ఎరువూ, మరకి కరెంటూ అంత పడతాయి. సదస్సుకి వెళ్తే ఒకటి, పెళ్లికి వెళ్తే ఒకటి చొప్పున వచ్చిపడిన గుడ్డసంచులు అలమారలో డజను పేరుకుపోతే పర్యావరణానికి ఒరిగేదేమీ లేదు. పాత ప్యాంటు కాళ్లు కత్తిరించి, చీరంచు హ్యాండిల్‌గా వేసి కుట్టించిన సంచికి ఈ లెక్క వర్తించదు, దాని పత్తి ఖర్చు ఎప్పుడో తీరిపోయింది. నార సంచులకైతే ఈ ప్రాంతంలో సొంత చరిత్రే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పొలాల్లో గోగునార పండేది, భీమిలి పక్క చిట్టివలసలో జూట్ మిల్లు నడిచేది. 2009లో మిల్లు మూతపడింది. బస్తాల వ్యాపారాన్ని అప్పటికే ప్లాస్టిక్ సంచి చాలావరకూ లాగేసుకుంది.

విస్తరాకుల సంగతీ ఇలాంటిదే. పాడేరు, అరకు అడవుల అడ్డాకు ఈ జిల్లాల పెళ్లిభోజనాలకి ఎప్పట్నుంచో ఆధారం. ఆ అడవి సరుకు కొనే గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. పుల్లలతో కుట్టిన అడ్డాకు విస్తరి ఆవు తిన్నా, నేలలో పడినా పేచీ లేదు. కానీ ఈమధ్య మరమీద అచ్చేసిన ‘ఆకు ప్లేట్లు’ కొన్నింటికి ఆకు కింద ప్లాస్టిక్ పొర అతికిస్తున్నారు, పులుసు కారకుండా. చూడటానికి పచ్చగా, పల్లెటూరిలా ఉంటుంది. కొట్టులో ధర లేదు, పెంటలో కుళ్లదు. కేటరింగ్‌వాళ్లతో మాట్లాడుకునేటప్పుడు ప్లేటు తిరగేసి చూడటం మర్చిపోకూడదు.

టీ కప్పూ అదే బాపతు. పేపరు కప్పు లోపలి నున్నటి పూత ప్లాస్టిక్‌దే. వేడి ద్రవం పోసి 15 నిమిషాలు ఉంచితే 100 మిల్లీలీటర్లలోకి మైక్రాన్ పరిమాణపు రేణువులు దాదాపు 25,000 వదులుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు చూపించారు. గాజు గ్లాసుకి కడిగే మనిషి కావాలి, నీళ్లు కావాలి, అంతే. ముంత మసాలా పేరులో ముంత మిగిలింది, చేతికి వచ్చేది మాత్రం కప్పూ, ప్లాస్టిక్ స్పూనూ. బీచ్‌లో పొత్తు తొక్కలోనే మొక్కజొన్న కండె ఇచ్చే అవ్వ ఒక్కతే ఏ నిబంధనా చదవకుండా అన్నీ పాటిస్తోంది.

మొక్కజొన్న పిండి కలిపిన కంపోస్టబుల్ కవర్లని, అంటే ఎరువులా కుళ్లేవాటిని, కొందరు దీనికంతటికీ మందుగా చెబుతారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ తయారుచేసిన అలాంటి సంచులు 2021లో తిరుమల లడ్డూలకి వచ్చాయి. అక్కడ అర్థం ఉంది, ఒకే చోట ఇచ్చి, అక్కడి చెత్తని పద్ధతిగా చూసుకోగలిగితే అవి పనికొస్తాయి. కానీ వాటిలో చాలా రకాలు కుళ్లడానికి కంపోస్టు కుప్పలోని వేడి కావాలి. సముద్రంలో ఆ వేడి ఉండదు. పొరపాటున పాల ప్యాకెట్ల కుప్పలో కలిస్తే ఆ కుప్ప నాణ్యత కూడా చెడగొడతాయి. తడిచెత్త కంపోస్టుకి పోతుందన్న నమ్మకం ఉన్నచోట తడిచెత్త కట్టడానికి వాడొచ్చు. మిగతాచోట అది మనసుకి సర్దిచెప్పుకోవడమే.

ధర లేనిదాన్నంతా కాల్చి కరెంటు తియ్యొచ్చు కదా అంటే, తీస్తున్నారు. కాపులుప్పాడలో 15 మెగావాట్ల ప్లాంటు ఉంది. పాలిథిన్‌లో ఉండే వేడి దాదాపు కిరోసిన్‌తో సమానం, పుట్టింది ముడిచమురు నుంచే కాబట్టి వింతేమీ లేదు. డంపింగ్ యార్డు కొండలా పెరగడం కంటే ఇది మేలు. అయితే కిలో పాలిథిన్ కాలితే మూడు కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ప్లాంటుకి కడుపు నిండా మేత కావాలి, ఆ మేతలో బాగా మండేది ప్లాస్టికే, కాబట్టి ప్లాస్టిక్ తగ్గించాలన్న తొందర నెమ్మదిగా తగ్గిపోయే ప్రమాదం ఉంది. వీధి చివర కుప్పకి నిప్పంటించడం మాత్రం పూర్తిగా వేరే వ్యవహారం. ఆ కుప్పలో ఒక్క పీవీసీ ఫ్లెక్సీ ముక్క ఉన్నా హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు లాంటి విషాలు ఆ వీధివాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతాయి. ఫ్లెక్సీల మీద రాష్ట్రప్రభుత్వం నిషేధం ప్రకటించింది కూడా 2022 ఆగస్టు 26న విశాఖలోనే. నాయకుల పుట్టినరోజులు మాత్రం ఏటా వస్తూనే ఉంటాయి.

ప్లాస్టిక్ హాని పారేశాక మొదలవుతుందనుకోవడం పొరపాటని ఈ ఊరికి తెలిసినంతగా ఇంకో ఊరికి తెలియదు. థర్మోకోల్ అంటే పాలిస్టైరీన్ నురగ. దాని ముడిసరుకు స్టైరీన్. ఆ ద్రవం వేడెక్కితే దాని అణువులు ఒకదానికొకటి గొలుసుకట్టుకుంటాయి, ఆ చర్యలో మరింత వేడి పుడుతుంది. అందుకే చల్లగా, ఆ చర్యని ఆపే నిరోధకం కలిపి ఉంచాలి. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులో ఈ రెండూ తప్పాయి. ఆవిరి ఊరి మీదికి వచ్చింది, 12 మంది చనిపోయారు. పుట్టుకలో ఇంత ప్రమాదం మోసిన పదార్థాన్ని తీసుకెళ్లి ఒక పూట భోజనం ప్లేటు చేసి పారేయడం ఎంత దుబారా అనేది అప్పుడు తెలుస్తుంది. పైగా థర్మోకోల్‌లో 98 శాతం గాలే. లారీ నిండా వేసినా బరువు తూగదు, అందుకే కొట్టువాడు ముట్టుకోడు, అందుకే అది గుండగా ఇసుకలో కనబడుతుంది. నిషేధించినవాటిలో దీని ప్లేట్లూ గ్లాసులూ ఉండటం సబబే.

అదే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే లెక్క మారుతుంది. చేపలు మోసే ప్లాస్టిక్ ట్రేలు, ఐసు పట్టే గట్టి పెట్టెలు ఏళ్ల తరబడి పనిచేస్తాయి. వెదురు తట్టకన్నా శుభ్రం, చెక్కకన్నా తేలిక. వీటిని నిందించడంలో అర్థం లేదు. నీడలో పెడితే ఇంకో రెండేళ్లు వస్తాయి. ఎండ పడితే పెళుసెక్కేది బకెట్టయినా ట్రే అయినా ఒకటే. చిక్కంతా వలల దగ్గర. నైలాన్ వల నీటిలో మునుగుతుంది, కుళ్లదు. తెగి కడలిలో ఉండిపోయినా చేపల్ని పడుతూనే ఉంటుంది, పట్టినదాన్ని తినేవాళ్లే ఉండరు. జనవరి నుంచి ఈ ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకి ఆ వలా, జెల్లీచేపలా తేలే కవరూ రెండూ గండాలే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధం. అప్పుడే జెట్టీ మీద వలలు పరిచి బాగుచేస్తారు, చివికిన ముక్కలు కోసి పారేసేదీ అప్పుడే. నైలాన్‌కి రీసైక్లింగ్‌లో మంచి విలువుంది. ఆ రెండు నెలలూ జెట్టీ మీదే కాటా పెట్టి కిలోకి ఇంత అని కొంటే, కడలిలోకి పోయే ముక్కల్లో ఎన్నో ఒడ్డునే ఆగుతాయి.

పోగైనదానికి ధర పుట్టించడం కొత్త ఆలోచన కాదు. నీలగిరుల్లో 2022 నుంచి మద్యం సీసా మీద పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగిస్తున్నారు. మద్రాసు హైకోర్టు చొరవతో మొదలైన పద్ధతి. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున 32 కిలోమీటర్ల పొడుగునా భక్తిగా పంచే నీళ్ల సీసాల మీద ఇలాంటిదేదో పెట్టొచ్చు. లేదంటే చలివేంద్రం కుండా, స్టీలు గ్లాసూ ఉండనే ఉన్నాయి.

గోలీ సోడా బండి దగ్గర సాయంత్రం కాసేపు నిలబడితే ఈ పద్ధతి ఎంత పాతదో తెలుస్తుంది. తాగేవాడు సీసాతో రెండడుగులు పక్కకి వేస్తే చాలు, బండివాడి చూపు వెంటే వస్తుంది. సోడా కంటే సీసా ఖరీదు. చీకటి పడ్డాక బండి తోసుకెళ్లే ముందు ట్రేలో సీసాలు లెక్కపెట్టుకుంటాడు, ఒకటి తగ్గితే ఇసుకలోకి దిగి వెతుక్కుంటాడు.